చాటతో పట్టుబడ్డ కావేరి

మా మండలంలో ఏడేళ్ల పిల్లలు తిన్న కంచం తామే ఎత్తడం నేరమైన ఏడాది ఒకటుంది. ఆ కథ చెప్పడానికి నాకంటే తగినవాళ్లు లేరు. ఎందుకంటే ఆ ఏడాది పట్టుబడ్డ నేరస్థుల్లో సగం మందికి పని నేర్పింది నేనే.

రాళ్లవాగు ప్రాథమిక పాఠశాలకు నేను ప్రధానోపాధ్యాయురాలిని. రెండో తరగతికి పంతులమ్మను కూడా. ఇరవై రెండేళ్లుగా శనివారం చివరి పీరియడ్‌ని మా బడిలో 'పని గంట' అంటారు. టైంటేబుల్లో అది కనపడదు. ఆ గంటలో పిల్లలు మధ్యాహ్నం తిన్న కంచాలు కడుగుతారు. ఇద్దరిద్దరు చెరో కొసా పట్టుకుని చాపలు చుడతారు. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తారు, ఉతికిన తువ్వాళ్లు మడత పెడతారు. ఆడపిల్లలు, మగపిల్లలు అన్న తేడా లేదు. పొయ్యి దగ్గరికీ కత్తిపీట దగ్గరికీ మాత్రం వెళ్లనివ్వను. ఏడేళ్ల పిల్లకు పని చెబితే ఎగిరి గంతేస్తుంది, పదిహేనేళ్ల పిల్లకు చెబితే మొహం ముడుచుకుంటుంది. కాబట్టి ఏడేళ్లప్పుడే చెప్పాలి. ఈ సంగతి తెలుసుకోవడానికి నాకు ఏ శిక్షణ శిబిరమూ అవసరం పడలేదు.

ఇలా ఉండగా పైనుంచి ఒక ఉత్తర్వు బయల్దేరింది. బయల్దేరినప్పుడు అది చాలా మంచి ఉత్తర్వు. పసిపిల్లలు బడి నుంచి ఇంటికెళ్లి మళ్లీ రాసుకుంటూ కూర్చుంటున్నారు, ఒకటి రెండు తరగతుల వాళ్లకు హోంవర్కు ఇవ్వకండి అని ఎవరో దయగల మనిషి ఇంగ్లీషులో రాశాడు. అది జిల్లా కార్యాలయానికి చేరిన వారం అక్కడ భాషా వారోత్సవాలు జరుగుతున్నాయి. ఆ వారం గడప దాటే ప్రతి కాగితమూ తెలుగులోనే దాటాలి. అక్కడి అనువాదకుడు హోంవర్కును రెండు ముక్కలు చేసి, చెరో ముక్కకూ తెలుగు వెతికి, ఇలా రాశాడు:

"ఒకటి, రెండు తరగతుల బాలబాలికలచే ఎట్టి పరిస్థితులలోనూ ఇంటిపని చేయించరాదు. ఉల్లంఘించినవారిపై కఠిన చర్యలు తీసుకొనబడును."

అతన్ని తప్పుపట్టడానికి లేదు. మా పాఠ్యపుస్తకాల్లో ప్రతి పాఠం చివరా హోంవర్కుకు ఇదే మాట ఉంటుంది. ఒక్కరోజు బడిలో పాఠం చెప్పినవాడెవడైనా దాన్ని సరిగ్గానే అర్థం చేసుకుంటాడు. మా ఖర్మ కొద్దీ ఆ కాగితం చేరింది వామనరావు గారి బల్ల మీదికి. ఆయన మా మండలానికి కొత్తగా వచ్చిన బాలవికాస పర్యవేక్షణాధికారి. అంతకుముందు ఇరవై ఏళ్లు తూనికలు, కొలతల శాఖలో తూకపురాళ్ల అడుగున ముద్ర ఉందో లేదో చూశారు. ముద్ర ఉంటే రాయి సరైనది, లేకపోతే కాదు. మాటల్నీ ఆయన అలాగే చూసేవారు.

మరుసటి సోమవారం ప్రధానోపాధ్యాయులందరినీ పిలిచి సమావేశం పెట్టారు. ఉత్తర్వు చదివి వినిపించి, కళ్లద్దాలు తీసి మడిచారు. పక్క ఊరి హెడ్మాస్టరు మొగిలయ్య సారు లేచి నిలబడ్డాడు.

"సార్, ఇంటిపని అంటే హోంవర్కే గదా?"

"హోంవర్కు అన్నది ఉద్దేశమై ఉంటే హోంవర్కు అనే రాసి ఉండేవారు. ఆ మాట తెలియనివారు లేరు. ఇక్కడ ఇంటిపని అని ఉన్నది. ఇల్లు, పని. ఈ రెంటిలో మీకు సందిగ్ధంగా తోచిన పదం ఏది?"

మొగిలయ్య సారు కూర్చున్నాడు.

"మరి హోంవర్కు సంగతేంటి సార్?" అన్నాను నేను.

"అది యథాతథం. దానిని ఎవరూ నిషేధించలేదు."

ఆ తర్వాత అందరికీ ఒక జాబితా పంచారు. దాని పేరు 'అనుబంధం-అ'. అందులో పిల్లలు చేయకూడని ఇంటిపనులు నలభై ఒకటి ఉన్నాయి. ఊడ్చుట, మడచుట, ఏరుట, ఒలుచుట, పిండుట, ఆరవేయుట, అందించుట. అందించుట కింద చిన్న అక్షరాల్లో 'తాగునీరు సహా' అని రాసి ఉంది. నేను మళ్లీ లేచాను. నాకు ఆ రోజు నోరు ఊరుకోలేదు.

"పిల్ల తను తిన్న కంచం తనే కడిగితే సార్?"

"భుజించుట వ్యక్తిగత చర్య. కంచము కడుగుట గృహచర్య. నిషిద్ధం."

"తిన్న కంచంలోనే చెయ్యి కడిగితే?"

ఆయన కాసేపు పైకప్పు వైపు చూశారు. "చేయి వ్యక్తిగతం, కంచము గృహసంబంధం. అది సంయుక్త చర్య అగును. దానిపై స్పష్టత కోరుచూ పైకి లేఖ రాయడం జరుగుతుంది" అన్నారు. గుమాస్తా రాసుకున్నాడు. అంతా తలలూపాం. తలలూపినందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

పది రోజుల్లో 'ఇంటిపని నిరోధక దళం' తయారైంది. ఒక జీపు, ఒక గుమాస్తా, ఇద్దరు అటెండర్లు. పొద్దున ఏడు గంటలకే ఊళ్ల మీద పడి, తలుపులు తీసి ఉన్న ఇళ్లలోకి తొంగి చూసేవాళ్లు. ఎనిమిదిన్నరకు బళ్లలో ప్రార్థన వేళకు వచ్చి, పిల్లల్ని వరసగా నిలబెట్టి చేతివేళ్లు వాసన చూసేవాళ్లు. వెల్లుల్లి ఒలిచిన పిల్ల అక్కడే దొరికిపోవాలని ఏర్పాటు. మొదటి వారం గుమాస్తాకు జలుబు చేసి ఉండటంతో అందరి పేరుకెదురుగా 'వాసన నిర్ధారణ కాలేదు' అని రాశాడు. రెండో వారం ముక్కు బాగున్న మనిషిని పక్క మండలం నుంచి డిప్యుటేషన్ మీద తెప్పించారు.

ఊళ్లో పిల్లల తీరు మారిపోయింది. జీపు చప్పుడు వింటే చేతిలో గ్లాసు అక్కడే వదిలేసేవాళ్లు. ఒకింట్లో మనవరాలు పల్లీలు ఒలుస్తుంటే నాయనమ్మ గుమ్మంలో కూర్చుని దారి కనిపెట్టేది. ఇంకో పిల్లవాడు నా దగ్గరికొచ్చి, "టీచర్, మా అవ్వ నన్ను కంచం ముట్టనిస్తలేదు, నేనేం తప్పు జేశిన" అని ఏడ్చాడు. ఏం తప్పు చేశాడో అనుబంధం-అ లో ఉంది కానీ, అది వాడికి చదివి వినిపించే ధైర్యం నాకు లేకపోయింది.

ఇక శిక్షలు. మొదటిసారి పట్టుబడితే 'నేను ఇంటిపని చేయను' అని వందసార్లు రాయాలి. రెండోసారి పట్టుబడితే రెండు వందల సార్లు. బడిలో రాస్తే చదువుకు ఆటంకం కాబట్టి ఇంటి దగ్గర రాసి, తల్లి సంతకంతో తేవాలి. అంటే, హోంవర్కు వద్దని పైవాళ్లు దయతలచిన పిల్లలకు, హోంవర్కు చేయనని ఒట్టు పెట్టించే హోంవర్కు ఇచ్చారన్నమాట. ఈ సంగతి వివరంగా రెండు పేజీల లేఖ రాసి పంపాను. 'మీ లేఖ అందినది' అని జవాబు వచ్చింది. కింద సంతకం, ముద్ర స్పష్టంగా ఉన్నాయి.

శిక్ష ఒక్కటే ఉంటే లోకం ఏమనుకుంటుందో అని సత్కారం కూడా పెట్టారు. బాలల వారోత్సవంలో 'ఆదర్శ బాలుడు' అవార్డు. దళం వారు మండలమంతా గాలించి శ్రేయాన్ష్ అనే పిల్లవాణ్ని ఎంపిక చేశారు. రెండంతస్తుల మేడలో ఉంటాడు. నివేదికలో ఇలా ఉంది: 'ఈ బాలుడు జన్మించిన నాటి నుండి గ్లాసెడు మంచినీరు కూడా స్వయముగా ముంచుకొని ఎరుగడు.' వాడి నాయనమ్మ ముందు వరసలో కూర్చుని, పక్కనున్న వాళ్లందరికీ ఆ వాక్యం చదివి వినిపించింది.

వామనరావు గారు ఆ పిల్లవాడి రెండు చేతులూ పట్టుకుని సభకు చూపించారు. "ఈ హస్తములను గమనించండి. వీటిపై శ్రమ తాలూకు చిహ్నం ఒక్కటైనా గోచరించుచున్నదా? ప్రతి బాలుని హస్తములూ ఈ విధంగా ఉండుటయే ప్రభుత్వ లక్ష్యం" అన్నారు. చప్పట్లు మోగాయి. బహుమతి ఒక అట్టపెట్టెలో ఉంది. పిల్లవాడు దాన్ని రెండు నిమిషాలు అటూ ఇటూ తిప్పి, తెరవడం రాక నాయనమ్మ వైపు చూశాడు. ఆమె మెట్లెక్కి వచ్చేలోపు అటెండరు కొమురయ్య తెరిచి ఇచ్చాడు. దిగేటప్పుడు వాడి బూటు లేసు ఊడింది. వాడు ఆగి కాలు చాపాడు. ఆ లేసు ఎవరో ఒకరు కట్టేదాకా వేదిక మీద పెద్దలంతా నిలబడి ఎదురుచూశారు. ఆ పిల్లవాణ్ని నేను నవ్వుల పాలు చేయను, వాడికి ఏడేళ్లు. నా అసహ్యమంతా చప్పట్లు కొట్టిన చేతుల మీద.

ఇక కావేరి సంగతి. కావేరి నా తరగతి పిల్ల. తల్లి భూలక్ష్మి ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది, తండ్రి పత్తి లారీ నడుపుతూ పదిహేను రోజులకోసారి ఇల్లు చూస్తాడు. వానాకాలం చివర్లో భూలక్ష్మి వాకిట్లో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. మోచేతి దాకా పిండికట్టు వేశారు. ఇంట్లో మిగిలినవి మూడు చేతులు. ఒకటి తల్లి ఎడమ చెయ్యి, రెండు కావేరివి.

ఆ రెండు చేతులు ఏం చేసేవో నాకు తెలుసు, అవి చేయగలిగిందంతా నా పని గంటలో నేర్చుకున్నవే. బియ్యం ఏరి కడిగేది. పొయ్యి మీద గిన్నె తల్లి ఎడమ చేత్తో పెట్టుకునేది. దుప్పట్లు మడిచేది. తల్లిని పీట మీద కూర్చోబెట్టి, వెనక నిలబడి తల దువ్వి, వంకరగానైనా జడ వేసేది. బడికి రోజూ ప్రార్థన వేళకల్లా వచ్చేది.

మొదటిసారి దుప్పటి మడుస్తూ దొరికింది. వంద సార్లు రాసి తెచ్చింది. ఆ కాగితం మీద పసుపు అంటిన బొటనవేలి ముద్ర ఉంది. దళం వాళ్లు ఆ ముద్రనే సాక్ష్యంగా తీసుకుని రెండో నేరం నమోదు చేశారు. నేరం చేయనని రాసిన కాగితమే నేరానికి రుజువైంది. అప్పుడు రెండు వందల సార్లు రాసింది. ఈసారి రాసేముందు చేతులు సబ్బుతో కడుక్కుంది.

మూడోసారి చాటతో పట్టుబడింది. నివేదిక నా దగ్గర ఇంకా ఉంది: 'ఉదయం 7.20 గంటలకు బాలిక వాకిట కూర్చొని చాటలో బియ్యము నుండి రాళ్లు వేరుచేయుచుండగా ప్రత్యక్షంగా పట్టుబడినది. వేరుచేయబడిన రాళ్లు ఏడు. చాట స్వాధీనం చేసుకొనడమైనది.' చాటకు ఒక చీటీ కట్టి జీపులో పెట్టుకుపోయారు. బియ్యాన్ని నేల మీద పోసి పోయారు, బియ్యం స్వాధీనం చేసుకోవాలని నిబంధనల్లో లేదు.

మూడోసారికి తొమ్మిదో నిబంధన వర్తిస్తుంది. 'ఇంటిపని చేయించిన వారి సంరక్షణ నుండి బాలబాలికలను తొలగించి, మూడు నెలల పాటు బాల విశ్రాంతి నిలయమునకు తరలించవలెను.' ఆ నిలయం జిల్లా కేంద్రంలో ఉంది. అక్కడ పిల్లలకు అన్నీ ఆయాలే చేస్తారు. స్నానం, తల దువ్వడం, అన్నం తినిపించడం. మొగిలయ్య సారు బడి పిల్లవాడొకడు అక్కడుండి వచ్చాడు. వచ్చాక దాహమేస్తే గ్లాసు వైపు చూస్తూ కూర్చునేవాడట.

తరలింపు నోటీసు పట్టుకుని భూలక్ష్మి బడికి వచ్చింది. పిల్లల ముందు మాట్లాడటం ఇష్టం లేక వరండా చివరికి నడిచింది. నోటీసు ఎడమ చేతిలో నలిగిపోయి ఉంది.

"సోమవారం తోల్కపోతమంటున్నరు టీచర్. మూడు నెలలంటే నా చెయ్యి మంచిగయ్యేదాంక పిల్ల ఉండదన్నట్టు. పిల్ల లేకుంటే నాకు చెయ్యి మంచిగై ఏం ఫాయిద" అంది.

"నేనే నేర్పిన భూలక్ష్మీ" అన్నాను.

"నువ్వు నేర్పినవని నేనెవ్వలకూ చెప్పలే టీచర్. జీపోళ్లు మస్తుగ అడిగిన్రు. మా ఇంట్ల అందరం గట్లనే అని చెప్పిన." నోటీసు నా చేతిలో పెట్టి, "సోమవారం నువ్వు గూడ రావాలె. నాకు ఆ సారు మాటలు సమజ్ గావు" అంది.

ఇరవై రెండేళ్ల సర్వీసులో ఎవరి ముందూ నేను అంత చిన్నబోలేదు. ఆ తల్లి నన్ను కాపాడింది, నేనేమో రెండు పేజీల లేఖ రాసి జవాబు అందిందని ఊరుకున్నాను.

సోమవారం పదకొండు గంటలకు వామనరావు గారి గదిలో విచారణ. బల్లకు ఒక పక్క ఆయన, ఎదురుగా నేనూ భూలక్ష్మీ, మా మధ్య కావేరి. మూల కంప్యూటర్ ముందు టైపిస్టు అనసూయ నడిచిన సంగతులన్నీ రికార్డు చేస్తోంది. గోడకు ఆనించి, చీటీతో సహా చాట ఉంది. కావేరి దాన్ని చూసి, "అమ్మా, మన చాట" అంది సంతోషంగా. ఎక్కడికి తీసుకెళ్తారో, ఎందుకు పిలిచారో దానికి ఎవరూ చెప్పలేదు.

నేను రెండో తరగతి తెలుగు వాచకం తెరిచి బల్ల మీద పెట్టాను. పద్నాలుగో పేజీ. 'ఇంటిపని: కింది పదాలను రెండేసి సార్లు రాయండి.'

"మన శాఖ అచ్చేసిన పుస్తకమే సార్. ఇంటిపని అంటే ఇక్కడ ఏమిటో చూడండి. ఈ లెక్కన ఈ పిల్లతో మూడు వందల సార్లు రాయించి, ఇంటిపని చేయించింది మనమే."

ఆయన ఆ పేజీని వేలితో తడుముతూ చదివారు. ముద్రణ సంవత్సరం చూశారు. పుస్తకం మూసి నాకు తిరిగిచ్చారు.

"ఇది పాఠ్యపుస్తక పరిభాష మేడం. ఉత్తర్వులోనిది పరిపాలనా పరిభాష. ఈ రెండింటినీ కలిపి చూచుట క్షేమకరం కాదు."

తరలింపు ఉత్తర్వు ముందుకు లాక్కుని, కలం మూత తీశారు. ఆ తీయడంలో మోచెయ్యి తగిలి టీ గ్లాసు పడింది. నిండు గ్లాసు. టీ ఉత్తర్వు మీదుగా పారి, ఫైలు కిందికి వెళ్లి, బల్ల అంచు నుంచి కారడం మొదలైంది.

ఆయన రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డారు. "కొమురయ్యా" అన్నారు. కొమురయ్య జీపులో దాడికి వెళ్లాడు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, పంపింది ఆయనే. అయినా మళ్లీ "కొమురయ్యా" అన్నారు. అనసూయ కీబోర్డు ఎత్తి ఒళ్లో పెట్టుకుంది. నేను కదల్లేదు. నిజం చెబుతున్నాను, ఆ కాగితం తడిసి ముద్దయిపోవాలని మనసులో కోరుకుంటూ కూర్చున్నాను.

కావేరి లేచింది. నీళ్ల కుండ మీదున్న గుడ్డ తీసి ముందు బల్ల అంచుకు అడ్డం పెట్టింది, నేల మీదికి కారకుండా. గ్లాసు నిలబెట్టి ఆయనకిచ్చింది.

"సారూ, గీ గ్లాసు వట్టుకో."

ఆయన పట్టుకున్నారు. కావేరి బల్ల మీది ఉత్తర్వునూ, ఫైల్లో తడిసిన కాగితాల్నీ ఒక్కొక్కటే చిరగకుండా విడదీసి, ఫ్యాను కింద బెంచీ మీద పరిచి, ఎగిరిపోకుండా బల్ల మీది గాజుబిళ్లలు పెట్టింది. తర్వాత బల్ల తుడిచి, తడిసిన గుడ్డ ఆయన చేతిలో పెట్టింది.

"కిటికీలకెల్లి బయటికి పిండు సారూ."

ఆయన గ్లాసు పక్కన పెట్టి, గుడ్డను ఒక పక్కే పట్టుకుని తిప్పారు. టీ ఆయన చొక్కా చేతుల్లోకి కారింది. కావేరి, "గట్ల గాదు. రెండు దిక్కుల వట్టుకోవాలె. ఇటుది ఇటు, అటుది అటు" అని చేసి చూపించింది. ఆయన మళ్లీ పిండారు. ఈసారి వచ్చింది. యాభై ఏళ్లు దాటిన ఆ మనిషి మొహంలో, గుడ్డలోంచి టీ ధారగా పడుతుంటే, పని గంటలో మొదటి శనివారం పిల్లల మొహాల్లో కనిపించేదే కనిపించింది.

కాగితాలు ఆరాయో లేదో కావేరి వేళ్ల వెనక వైపుతో తాకి చూసింది. అన్నిటికంటే ముందు ఆరింది తరలింపు ఉత్తర్వు. దాన్ని రెండు చేతులతో జాగ్రత్తగా పట్టుకుని తెచ్చి ఆయన ముందు పెట్టింది. కలం కూడా అందించింది.

"ఆరింది సారూ. ఇగ సంతకం జెయ్యి."

భూలక్ష్మి ఎడమ చేత్తో చెంగు లాగి మొహం కప్పుకుంది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, వెంటనే ఒళ్లు మండింది. ఆ మంటలోనే నోరు లేచింది.

"సార్, సంతకానికి ముందు అనుబంధం-అ ఒకసారి చూడండి. పంతొమ్మిదో అంశం, ఒలికిన ద్రవములను తుడుచుట. ఇరవై రెండు, గుడ్డ పిండుట. నలభై, వస్తువులను అందించుట. ఇప్పుడు మీ సమక్షంలో, మీ కోసం, ఈ పిల్ల మూడూ చేసింది."

"ఇది కార్యాలయం. ఇల్లు కాదు. కనుక ఇంటిపని కాజాలదు" అన్నారు ఆయన వెంటనే.

"కార్యాలయంలో ఏడేళ్ల పిల్లతో పని చేయిస్తే దానికి వేరే చట్టం ఉంది సార్. అందులో వందసార్లు రాయించి వదిలేయరు."

అనసూయ కీబోర్డు మళ్లీ బల్ల మీద పెట్టుకుని, ఎంతో వినయంగా అడిగింది. "రికార్డులో ఏమని రాయమంటారు సార్? ఇంటిపని అని రాయాల్నా, ఆఫీసు పని అని రాయాల్నా?"

వామనరావు గారు చేతిలోని గుడ్డ చూశారు. గ్లాసు చూశారు. కావేరిని చూశారు. ముద్రలేని తూకపురాయి చేతికి దొరికినట్టుంది ఆయన పరిస్థితి.

"ఇక్కడ జరిగినది పని కాదు" అన్నారు.

"మరి ఏమని రాయమంటారు సార్?"

"సహజ చలనం అని రాయండి. బాల్యంలో అవయవములు సహజంగానే చలించుచుండును. అట్టి చలనములో ఏదేని వస్తువు శుభ్రపడిన యెడల అది యాదృచ్ఛికం."

అనసూయ టైపు చేసింది. నేను కుర్చీ ముందుకు జరిపాను.

"చాటలో రాళ్లు ఏరేటప్పుడు చలించేవీ ఆ వేళ్లే కదా సార్?"

కాదంటే తన బల్ల మీద జరిగింది పని అవుతుంది. "అవును. వర్తించును" అన్నారు. ఆరిన ఉత్తర్వును మడిచి ఫైల్లో అడుగున పెట్టి, 'బాలిక చేసినది పని కాదు. ఫైలు మూసివేయవచ్చును' అని పైన రాసి సంతకం చేశారు. చాటను చీటీ విప్పి ఇచ్చేశారు. చీటీ మాత్రం ఉంచుకున్నారు, అది ప్రభుత్వ ఆస్తి.

మేం లేచేసరికి ఆయన ఇంకా గుడ్డ పట్టుకునే నిలబడి ఉన్నారు. "దీనిని ఏం చేయవలెను?" అని అడిగారు. నన్ను కాదు, కావేరిని.

"ఆరెయ్యాలె సారూ" అని కిటికీ చూపించింది. ఆయన కిటికీ చువ్వ మీద వేశారు. అది జారి కింద పడింది. కావేరి తీయలేదు. నేను తరగతిలో అనే మాటే ఆయనతో అంది. "ఏం గాదు. మళ్ల ఎయ్యి."

కావేరి ఇంటికి వెళ్లింది. ఆ సాయంత్రం నుంచి మా మండలంలో పిల్లలు పని చేయడం మానేసి సహజంగా చలించడం మొదలుపెట్టారు. దళం వారు వాకిళ్ల ముందు జీపు ఆపి, లోపల ఊడుస్తున్న పిల్లను చూసి, 'చలనము గమనించబడినది' అని రాసుకుని వెళ్లిపోయేవాళ్లు.

నాలుగు నెలల తర్వాత, కంచంలో చెయ్యి కడగడం మీద కోరిన స్పష్టత పైనుంచి వచ్చింది. ఒకే వాక్యం. 'ఇంటిపని అనగా హోంవర్కు అని గ్రహించవలెను.' మొత్తం మండలానికి ఇంక ఊపిరాడుతుందనుకున్నాం. మర్నాడే వామనరావు గారి నుంచి మెమో దిగింది. 'ఇంటిపని అనగా హోంవర్కు అయి ఉన్నందున, ఒకటి, రెండు తరగతుల బాలబాలికలందరిచేత నేను హోంవర్కు చేయను అని వందసార్లు ఇంటి వద్ద రాయించి, మూడు రోజులలో సమర్పించగలరు.' తరగతిలో ఒక్కో పిల్లకు ఒక్కటి చొప్పున ముప్పై ప్రతులు జతచేశారు. కాగితం మంచి రకం, మందంగా ఉంది.

ఆ శనివారం పని గంటలో ఆ ముప్పై ప్రతులూ పిల్లలకు పంచాను. తడిపి, నలిపి, కిటికీ అద్దాలు తుడవమన్నాను. అద్దాలు తుడవడానికి అంత మందం కాగితాన్ని మించింది లేదు. పిల్లలు కింది వరస అద్దాలన్నీ తుడిచారు. అవతలి వీధి స్పష్టంగా కనిపించింది. భూలక్ష్మి అప్పటికే కట్టు విప్పించుకుని మిషను తొక్కుతోంది.

కావేరి తన కాగితాన్ని తడపకముందే కూడబలుక్కుని చదివింది. అప్పటికి దానికి చదవడం బాగానే వచ్చింది. చదివి నా దగ్గరికి వచ్చింది.

"టీచర్, ఇంటిపని అంటే ఏంది?"

ఆ మాటను మూడు వందల సార్లు రాసిన పిల్ల. ఒక్కసారి కూడా ఎవరూ దానికి అర్థం చెప్పలేదు. నేను కూడా చెప్పలేదు.

"మీ అమ్మ చేతికి కట్టున్నప్పుడు నువ్వు బియ్యం ఏరినవు, జడ ఏసినవు. అదే" అన్నాను.

కావేరి కాగితంలో ఆ మాటను మళ్లీ చూసింది.

"గది గూడ పనేనా టీచర్?" అంది. తర్వాత కాగితాన్ని నీళ్లలో ముంచి, ఉండ చేసి, అద్దం మీద మిగిలిన మరక తుడవడానికి వెళ్లింది.